నాబ్ తిప్పిన చెయ్యి

మొన్న ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉన్న మా ఫ్లాటుకి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చిన భయ్యా, వెంట్రుకంత గాజుతీగను చూపించి, ఇందులో వచ్చేది వెలుగు ఆంటీ అని నాకు పాఠం చెబుతుంటే, తాతకు దగ్గులు నేర్పినట్టుందని లోపల నవ్వుకున్నాను గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆ వెలుగును విద్యుత్తుతో ఆడించి సంకేతాలుగా మార్చే మాడ్యులేటర్ల తయారీయే ఢిల్లీ ప్రయోగశాలలో నా మొదటి ఉద్యోగం. స్ఫటికపు పలక మీద బంగారు గీతలు వేస్తాం. గీత పొడుగైతే తక్కువ ఓల్టులు చాలు, కాని వేగం చస్తుంది, పొట్టిదైతే వేగం వస్తుంది, ఓల్టులు పెరుగుతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండేళ్లు దానితో వేగాక, ఐదు ఓల్టుల లోపు పనిచేయించి చూపకపోతే ప్రాజెక్టు మూసేస్తామని కమిటీవారు కబురు పెట్టారు. వాళ్లు వచ్చే రోజుకి మా దగ్గర మిగిలింది ఒకే ఒక్క పలక.

దాన్ని వేడిచేసి తేమ పోగొట్టాలి. మా టెక్నీషియన్‌ను నేను బాబాయిగారనేదాన్ని. శ్రీకాకుళం మనిషి, ఫౌజులో రిటైరై కాంట్రాక్టు మీద మా దగ్గర చేరారు. పసిపిల్లకి నీళ్లు కాచినంత ఓపికగా ఆ పలకను వేడిచేసేవారు. ఆవేళ గేటు పాసుల పనిమీద వెళుతూ, "తొందరపడకమ్మా, దీనికి ఉలుకెక్కువ, ధీరే ధీరే కాగనీ" అన్నారు.

వింటే నేనెందుకవుతాను! జనవరి చలికి హీటరు ఎంతకీ కదలడంలేదు, కమిటీ వచ్చే వేళ దగ్గరపడుతోంది. నాబ్ చివరిదాకా తిప్పేశాను. టక్కుమని పలక రెండు ముక్కలైంది. తిరిగొచ్చిన బాబాయిగారు పలకను చూశారు, నాబ్‌ను చూశారు, నన్ను చూశారు. ఆయన వెనకే వచ్చిన మా పెద్దసారు ఎవరు చేశారని అరిచేసరికి, నాబ్ వెనక్కి తిప్పుతూ, "ముఝ్‌సే హుఆ సాబ్" అని తప్పు తన నెత్తిన వేసుకున్నారు.

పలక మీది మాడ్యులేటర్లలో, పెద్ద ముక్క మీద ఒక్కటి బతికి ఉంది. దానికే తీగలు కలిపాను. కమిటీవారి ఎదుట అది నాలుగున్నర ఓల్టులకే పలికింది. ప్రాజెక్టు నిలిచింది, నా ఉద్యోగం పర్మనెంటయింది. బాబాయిగారి కాంట్రాక్టును మాత్రం మరి పొడిగించలేదు. నేను పెద్దసారు గుమ్మందాకా రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను.

ఈమధ్య ఆ ప్రయోగశాలకు పిలిస్తే వెళ్లాను. కొత్త హీటరు చూపించారు. వేడి ఎవరు, ఏ నిమిషంలో, ఎంత పెంచారో అదే రాసి పెట్టుకుంటుందట. మంచిదే. మా రోజుల్లో ఆ మాట చెప్పడానికి ఉన్నది నా నోరొక్కటే.