రోగం నాది, నన్నడుగుండ్రి

మెత్తగా జావలా కాచిన మక్క గట్క కూడా గొంతు దిగడం లేదని యాకమ్మ గిన్నె పక్కకు నెట్టిన రోజు నాకు మొదటిసారి భయం వేసింది. యాకమ్మ నా భార్య. అప్పుడు, ఎనభైల మొదట్లో, నేను స్టేషన్ ఘన్‌పూర్‌లో బడిపంతులిని. వరంగల్ దవాఖానాలో బేరియం ఎక్స్‌రే తీశారు, బయాప్సీ చేశారు. అన్నం దిగే గొట్టంలో క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో రేడియేషన్ ఇప్పించాను. నెలరోజులు మెత్తటి అన్నం తిన్నది, మళ్ళీ మొదటికొస్తే వరంగల్ దవాఖానాలోనే చేర్చాను.

డాక్టర్ గారు నన్ను వరండాలోకి పిలిచి, "స్ప్రెడ్ అయింది సార్. ఇక నయం కాదు. ఆమెకు చెప్పకండి, ధైర్యం చెడుతుంది" అన్నారు. నేను లోపలికి వెళ్ళి, "అల్సరేనట, ఫికర్ చెయ్యకు" అన్నాను. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే పంతులు మూడు నెలలు అదే అబద్ధం ఆడాడు.

ఒకరోజు సోషల్ వర్క్ చదివే విద్యార్థులు వార్డుకు వచ్చారు. ఒక అమ్మాయి యాకమ్మ మంచం పక్కనే నిలబడి, నొప్పి ఎంత, నిద్ర పడుతోందా, ఇంటికి తీసుకెళ్తారా అని అన్నీ నన్నే అడుగుతోంది.

"బిడ్డా, రోగం నాది. ఆయన్నేమడుగుతవ్? నన్నడుగు," అంది యాకమ్మ. "ముందుగాల నాకొకటి చెప్పు. నాకు నయమైతదా?"

చెప్పొద్దని సైగ చేశాను. ఆ పిల్ల బిక్కచచ్చిపోయి వాళ్ళకు పాఠాలు చెప్పే మేడమ్‌ను పిలుచుకొచ్చింది.

"ఆమె నోరు తెరిచి అడిగింది సార్," అన్నారు మేడమ్ నాతో. "అబద్ధం చెప్పమని నా పిల్లలకు నేర్పలేను. మీరే చెప్తే మంచిది."

చెప్పాను, మూడు నెలలుగా దాచిన సంగతి కూడా. యాకమ్మ ఏడవలేదు, మండిపడింది. "హసన్‌పర్తిల మా అక్కతోని మాటల్లేక ఏడేండ్లాయె. నయమైనంక పోయి మాట్లాడుదామని ఊకున్న. ఆ మూడు నెల్లు నాయి. నువ్వెట్ల దాస్తవ్?" సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు మేడమ్ బతిమాలితే, దిండుకు ఆనుకుని విద్యార్థులందరికీ పాఠం చెప్పింది. "బయట గుసగుసలు పెట్టకుండ్రి. ఎంత తెల్సుకుంటరని మమ్ములనే అడుగుండ్రి. వద్దన్నోళ్ళకు చెప్పకుండ్రి." రెండో తరగతి దాటని మనిషి. కాలేజీ పిల్లలు ఒక్క మాటా పోకుండా రాసుకుంటుంటే, ఆమె నా భార్య అని వార్డంతా తిరిగి చెప్పాలనిపించింది.

తిండి పోయడానికి పొట్టలోకి ట్యూబ్ వేస్తామని డాక్టర్లంటే యాకమ్మ వద్దంది. హసన్‌పర్తి తీసుకెళ్ళాను. అక్క గడప దగ్గరే పట్టుకుని ఏడ్చింది, తర్వాత మా ఇద్దరినీ కడుపునిండా తిట్టింది. పదకొండు రోజులు అక్కాచెల్లెళ్ళు ఒకే మంచం మీద ముచ్చట్లు పెట్టుకున్నారు. అక్క చేతుల్లోనే యాకమ్మ కన్నుమూసింది.

ఇప్పుడు రిటైరయ్యాను. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా, పిల్లలతో మాట్లాడమని ఆ మేడమ్ కాలేజీ వాళ్ళు నన్ను పిలుస్తారు. ముందు నా అబద్ధం చెబుతాను, తర్వాత యాకమ్మ పాఠం గర్వంగా చెబుతాను. మొన్న ఒక విద్యార్థి, "ముందే చెప్పి ఉంటే ఏమయ్యేది సార్?" అని అడిగాడు. "ఆ మూడు నెలలూ అక్క దగ్గరే ఉండేది" అన్నాను.

మీ ఇంట్లో ఇలాంటి జబ్బు వస్తే, డాక్టర్ పిలవగానే వరండాలోకి పోకండి. ఎంతవరకు చెప్పమంటావని ముందు మంచం మీది మనిషిని అడగండి. ఆ రోజులు వాళ్ళవి.