ఆగు, లారీ పోనియ్

మా సార్ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను మేడ్చల్ బస్టాండ్ కాడ కొబ్బరిబోండం తాగుతున్న. చేసింది పాత ల్యాబ్‌ల నాకు సీనియర్. "పొద్దున గుండెపోటు వచ్చిందట. అల్వాల్‌ల ఇంటికాడనే ఉంచిన్రు. కొడుకు అస్సాం నుంచి రావాలె, రేపు తీసుకపోతరు. నువ్వైతే తప్పకుండ రావాలె. క్రిస్టల్ ఖరాబు చేసినదానివి, నిన్ను సార్ ఎట్ల మరుస్తడు?" అని నవ్విండు. చావు కబురు చెప్పుకుంట ఆ నవ్వుడేంది? బోండం సగంల వదిలేసి బస్సెక్కిన.

సంతాప సభకు నాలుగు మంచి మాటలు రాసియ్యమని అడిగింది కూడ ఆ సీనియరే. రాస్తున్న. మంచి ఎంత ఉంటే అంత రాస్త, మిగిలింది కూడ రాస్త. పోయినోళ్లను ఏమీ అనొద్దంటరు. ఉన్నప్పుడేమో ఆయన సంతకం లేనిదే నాకు డిగ్రీ రాదని నోరు మూసుకున్న. ఇప్పుడు కూడ మూసుకుంటే ఇగ నేనెప్పుడు మాట్లాడాలె?

సార్ నా పీహెచ్‌డీకి గైడ్. మా ల్యాబ్ మేడ్చల్ హైవే పక్కన ఉండేది. అక్కడ మేం నాన్‌లీనియర్ ఆప్టిక్స్ మీద, అందులో ఫేజ్ కాంజుగేషన్ అనే దాని మీద పనిచేసేటోళ్లం. పేరుకు భయపడకుండ్రి. మామూలు అద్దం మీద ఏటవాలుగ వెలుగు వేస్తే ఇంకోదిక్కు పోతది. మా క్రిస్టల్ మీద వేస్తే వచ్చిన తొవ్వనే పట్టుకొని ఎనకకు వస్తది. నడుమ బాత్రూం కిటికీ గాజు అసొంటి గరుకు గాజు పెట్టిన్రనుకో, పోయేటప్పుడు బొమ్మ చెదిరిపోతది. మళ్ల అదే గాజుల నుంచి, అదే తొవ్వల ఎనకకు వస్తది గనుక చెదిరిన బొమ్మ చక్కగయితది. మొదటిసారి సార్ ఇది బోర్డు మీద గీసి చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అబద్ధమెందుకు, ఆ పిచ్చి నాకు పట్టించింది ఆయనే.

ఆయన తీరే వేరు. చెప్పులు బయట విడిచి, మేజోళ్లతోని నడిచేటోడు. చేతులు ఎప్పుడు ఎనకకు కట్టుకునే ఉండేటోడు. "ముట్టుకోకు, చూడు" అనేది ఆయన మాట. ఆ క్రిస్టల్ లోపల వెలుగు కుదురుకునేదాక బల్ల ఇసుమంత కూడ అదరొద్దు. గుండ్లపోచంపల్లి గోదాములకు పోయే లారీ ఒక్కటి పోయిందా, చేసిందంతా మట్టిల కలిసేది. దూరంగ లారీ చప్పుడు వినపడంగనే సార్ ఒక వేలు పైకి లేపి, "ఆగు, లారీ పోనియ్" అనేటోడు. అందరం ఊపిరి బిగబట్టి నిలబడేటోళ్లం. ఇప్పటికి కూడ క్లాసుల పాఠం చెప్పుకుంట లారీ చప్పుడు వింటే నా వేలు లేస్తది. పిల్లలు నవ్వుతరు. నాకు మాత్రం ఒళ్లు మండుతది.

గా రోజులల్ల ఊకె బంద్‌లు అయ్యేటివి. ఊరందరికి బంద్ అంటే సెలవు, మాకు పని దినం. రోడ్డు మీద లారీ ఉండది, బల్ల అదరది. బంద్ అని తెలిసిందంటే సార్ ముందురోజే, "రేపు ఎట్లనన్న రావాలె" అనేటోడు. ఆయన అల్వాల్ నుంచి రాలేకపోయినా నేను రావాలె! మా బాపు శామీర్‌పేట నుంచి లూనా మీద, ఊర్ల సందులల్ల నుంచి తీసుకొచ్చి దించేటోడు. ఒకనాడు రోడ్డుకు అడ్డం కూసున్న మా ఊరి పోరగాండ్లు ఆపిన్రు. "అక్కా, బంద్ నాడు గూడ సదువేంది?" అన్నరు. "మీరు లారీలు ఆపిన్రు గద తమ్మీ, మస్తు పనైతది" అన్న. వాళ్లకు సమజ్ కాలే గానీ, నవ్వుకుంట తొవ్వ ఇచ్చిన్రు.

ఆ రోజే అయ్యింది. రేకు ముక్కల నేను కోసిన 'అ' అక్షరం నుంచి వెలుగు పోయి, గరుకు గాజుల చెదిరి, శనగ గింజ కంటే జర పెద్దగున్న ఆ బేరియం టైటనేట్ క్రిస్టల్‌ను తాకి ఎనకకు వచ్చింది. తెల్ల అట్ట మీద 'అ' పడ్డది. చక్కని 'అ'. క్రిస్టల్ తీసి మామూలు అద్దం పెట్టి చూసిన, మసక తప్ప ఏం లేదు. మళ్ల క్రిస్టల్ పెట్టి జరసేపు ఆగిన, మళ్ల 'అ'. ఒక్కదాన్నే గదిల ఏడ్చిన. సార్‌కు ఫోన్ చేసిన. "మామూలు ప్రతిఫలనమై ఉంటది. నేను చూడనిదే అయినట్టు కాదు" అని పెట్టేసిండు. గంతే. శభాష్ అనకున్నా సరే, ఎట్లున్నదని కూడ అడగలే!

తెల్లారి సార్ వచ్చి చూస్తే లారీలు, ఏం నిలువలే. "మళ్ల బంద్ పడ్డప్పుడు చూద్దాం" అని క్రిస్టల్ డబ్బా తన చేతులకు తీసుకున్నడు. ఎండాకాలం, ఊకె కరెంటు పోతాంది, వేడికి పాడైతదని ఆయనకు రంధి. రంగుల ద్రావణాలు పెట్టే ఫ్రిజ్‌ల పెడుతనన్నడు. "సార్, దీనికి ఎండతోని ఏం కాదు. సల్లదనమే పడది, లోపల అమరిక మారిపోతది" అని చెప్పిన. "నాకు చెబుతున్నవా?" అన్నడు. నన్ను బయటికి పంపి గది తాళం వేసుకున్నడు. ఆ ఫ్రిజ్ తాళంచెవి ఆయన దగ్గర తప్ప ఎవ్వరి దగ్గర ఉండది. గైడ్ కంటే నాకు ఎక్కువ తెలుసునా అనుకొని ఇంటికి పోయిన.

మళ్ల బంద్ పడ్డనాడు సార్ అల్వాల్ నుంచి నడుచుకుంట వచ్చిండు. అంత దూరం, అంత ఎండల! ఆ ఒక్క సంగతికి మాత్రం ఆయనకు దండం పెడుత. లోపలి గదిల నుంచి డబ్బా ఆయనే తెచ్చిండు. మూత మీద నీటి చెమ్మ. సార్ దాన్ని చూసిండు, నేను చూసిన. జేబుల నుంచి దస్తీ తీసి తుడిచిండు. సార్ పిలిపించిన ల్యాబ్ పెద్దోళ్లందరు నిలబడి చూస్తున్నరు. ఎంతసేపు ఆగినా అట్ట మీద ఏం పడలే. సార్ చేతులు ఎనకకు కట్టుకొని, "అమ్మాయి సరిగ సంభాళించలేదు" అన్నడు. నా మొఖం చూడకుండనే అన్నడు.

ల్యాబ్‌ల అసొంటి క్రిస్టల్ ఇంకోటి లేకుండె, తెప్పియ్యలే. నాకు వేరే అంశం ఇచ్చిన్రు. డిగ్రీ వచ్చింది, మేడ్చల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల ఫిజిక్స్ చెప్పుకుంటున్న. గానీ ఏ సెమినార్‌కు పోయినా, ఏ పెండ్లికి పోయినా, "ఓ, క్రిస్టల్ పిల్లా" అనేటోడు ఒకడు ఉండనే ఉంటడు. నా పేరు గట్లయ్యింది. 'నేనే ఫ్రిజ్‌ల పెట్టిన' అని సార్ ఒక్క మాట అంటే పోయేది. పండుగలకు ఫోన్ చేస్తే, "ఆరోగ్యం బాగున్నదా?" అని అడిగేటోడు. నా ఆరోగ్యం ఎవరికి కావాలె సార్!

అల్వాల్‌ల ఆయన ఇంటి ముందు టెంటు వేసిన్రు. టెంటు కింద ఫ్రీజర్ బాక్సు, అండ్ల సార్. మోటారు బుస్సుమంటాంది. పైన గాజంతా చెమ్మ పట్టి, లోపల మొఖం చెదిరిపోయి కనపడుతాంది. దండ వేసి పక్కన నిలబడ్డ. నిజం చెప్తున్న, నాకు ఏడుపు రాలే. మంచిగయ్యిందని కూడ ఒకసారి అనిపించింది.

సార్ భార్య, మా మేడం, నన్ను చూసి చెయ్యి పట్టుకున్నది. "సూడు బిడ్డా, ఆయనను దేంట్ల పెట్టిన్రో! ఇంట్ల ఫ్రిజ్ ఉంటె సాలు పరేషాన్ అయ్యేటోడు. ఎన్కట ఒకనాడు ఎండల పడి నడుసుకుంట ఇంటికొచ్చి, ఉన్న ఫ్రిజ్ అమ్మేసిండు. మళ్ల కొననియ్యలే. గిన్నేండ్లు పులిసిన మజ్జిగ, కుండ నీళ్లు. కొడుకు కొనిస్తనంటె కొట్లాడిండు. ఎందుకయ్యా అంటె సెప్పలే. మీ ల్యాబ్‌ల ఏమన్న అయ్యిందా? నీకెరుకనా?"

నాకు కాళ్లల్ల నుంచి మంట లేసింది. అంటే ఇన్నేండ్లు ఆయనకు యాదికున్నది. తప్పు ఆయనది, శిక్ష ఈమెకు, పేరు నాకు! నాకు చెప్పాల్సిన మాటను ఇంట్ల ఫ్రిజ్ లేకుండ చేసి చెప్పుకున్నడా ఈ మనిషి? ఎవరికి చెప్పినట్టు?

పక్కనే ఉన్న సీనియర్, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అని నడుమ వచ్చిండు. నేను నోరు తెరిచిన. అప్పుడే కరీంనగర్ రోడ్డు మీద పెద్ద లారీ పోయింది. టెంటు అదిరింది, గాజు గలగలమన్నది. నా వేలు దానంతటదే పైకి లేసింది. సీనియర్ వేలు కూడ లేసింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డం.

లారీ పోయింది.

"ఎరుకనే అమ్మా. మా క్రిస్టల్‌ను ఫ్రిజ్‌ల పెట్టింది సారే. నేను కాదు" అన్న. గట్టిగనే అన్న, టెంటు కింద కూసున్నోళ్లందరికి వినపడేటట్టు.

సీనియర్ తల వంచుకున్నడు. మేడం నా దిక్కు చూసింది, బాక్సు దిక్కు చూసింది. "గింత మాటనా? గింత మాట ఆ పిల్లకు సెప్పకపోతివి గదయ్యా" అన్నది. అని, కొంగుతోని గాజు మీద చెమ్మ తుడిచింది. సార్ మొఖం చక్కగ కనపడ్డది. చూసుకుంట నిలబడ్డం ఇద్దరం. గాజు మెల్లగ మళ్ల మసకయ్యింది. ఈసారి నేను తుడిచిన.