తొమ్మిదులన్నీ సున్నాలయ్యే చోటు

తొండూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి జబ్బు చేసినా పాలయ్య తెల్లకారే పులివెందుల ఆసుపత్రికి తీసుకుపోయేది. రోగి బంధువులకే సీట్లు చాలవు, ఇక భార్య సుందరికి అందులో చోటెక్కడ? ఒకసారి కారు తిరిగిన కిలోమీటర్లు చూపే మీటర్‌లో తొమ్మిదులన్నీ ఒక్కసారిగా సున్నాలైతే ఆయన ఒక్కడే చూశాడు. ఇంటికొచ్చి పిల్లాడిలా మురిసిపోతూ చెప్పి, "ఈసారి తిరిగేటప్పుడు నువ్వు నా పక్కనే ఉండాల," అన్నాడు.

ఏళ్లకు మళ్లీ తొమ్మిదులు వరుసకట్టాయి. అవి సున్నాలు కావడానికి ప్రొద్దుటూరు నుంచి ఇంటికొచ్చేంత దూరం కూడా మిగల్లేదు. అప్పుడే మీటర్ ఆగిపోయింది. బాగుచేయించేలోపే పాలయ్యకు ఛాతీ నొప్పి వచ్చింది. నడిపేవాడు లేక, ఆ పూట కారు ఇంటిముందే ఉండిపోయింది; పాలయ్య దక్కలేదు.

ఇప్పుడు దాన్ని సుందరి తమ్ముడు సునీల్ నడుపుతున్నాడు. మీటర్ బాగైతే తిరుగుదారిలో ముందు సీట్లో కూర్చుని, ఆ అంకెలు తిరగడం చూడాలని ఆమె కూడా ప్రొద్దుటూరు వచ్చింది. మెకానిక్ రహమాన్‌తో మీటర్ బాగుచెయ్యమని మాత్రమే చెప్పింది. ఇంత చిన్న కోరిక పరాయి మనిషికి చెప్పడానికి సిగ్గేసింది.

రహమాన్ మీటర్ విప్పి, అరిగిన పళ్లచక్రం మార్చి బిగించాడు. సునీల్ తొంగిచూసి నవ్వాడు.

"ఏం మామా, మా బండి ఇప్పుడే పుట్టినట్టుందే!"

సుందరి చూసింది. అన్నీ సున్నాలే.

"తొమ్మిదులు యాడికి పోయినాయన్నా?"

"సున్నా పెట్టినా తల్లీ. ఈడికొచ్చే పాత బండ్లన్నీ అమ్మేటివే. తక్కువ తిరిగినట్టు కనపడాలని అందరూ అదే అడుగుతారు. చేతికి అలవాటైపాయ."

"మేం అమ్మడంల్యా," అంది సుందరి. తర్వాత, ఆగి ఆగి, పాలయ్య మాట చెప్పింది.

రహమాన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "అయ్యో... ముందే చెప్పుంటే! ఎంత ఉన్నిందో చెప్పు తల్లీ, అట్లే తిప్పి పెడతా. క్షణం పని."

"వద్దులేన్నా. అవి ఆయప్ప తిరిగినవి. నువ్వు తిప్పితే అవి నీవైతాయి."

"అక్కా, ఏదో ఒకటి పెట్టించుకోగూడదా," అన్నాడు సునీల్.

సునీల్ బండి షెడ్డు బయటికి తీశాడు. సుందరి ముందు తలుపు తెరిచి, కాసేపు అట్లాగే నిలబడి, మూసేసింది. వెనక సీట్లో, రోగులను పడుకోబెట్టే చోట, ఓ మూలకు ఒదిగి కూర్చుంది.