బాకా ముందుపళ్ళు

బాకాకు అసలు పేరొకటి ఉండేది. అది పెన్షన్ కాగితాల మీద తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. బ్యూగిల్ ఊదేవాడిగా పటాలంలో చేరినప్పుడు తగులుకున్న ఈ పేరు, పటాలం వదిలి ఇంటికొచ్చాక కూడా వదల్లేదు. భార్యకు ఒళ్ళు మండినప్పుడు, "ఊరందరికీ బాకా, ఇంట్లో మాత్రం నోట్లోంచి మాట ఊడిపడదు" అనేది.

ఆ పటాలం ఇప్పుడు లేదు. పైవాళ్ళు ఒక్క ఉత్తర్వుతో దాన్ని ఇంకో పెద్ద పటాలంలో కలిపేశారు. జెండా మారింది, టోపీ మీది గుర్తు మారింది. మిగిలిందల్లా మాజీ సైనికుల సంఘం, దానికి సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద ఒక అద్దె గది. గోడల నిండా గ్రూపు ఫోటోలు, ఒక మూల అద్దాల బీరువా, బీరువాలో పాత జెండా, యుద్ధంలో తూటా తగిలి సొట్టపడ్డ టీ కెటిల్. ఆదివారం పొద్దున్నే ముసలివాళ్ళు మెట్లెక్కి వచ్చి, కాసేపు ఆయాసపడి, అది తీరగానే పోట్లాటకు దిగేవాళ్ళు. ఫోటోలో వెనక వరుసలో కళ్ళు మూసుకున్నది ఎవరన్న దాని మీద కూడా పోట్లాటే.

సమావేశం బాకా బ్యూగిల్‌తో మొదలయ్యేది. ఎవరైనా కన్నుమూస్తే సాగనంపేది కూడా ఆ బ్యూగిలే. బారకుల్లో రాత్రి దీపాలార్పే వేళ ఊదే పిలుపునే చివరిసారి వినిపించి పంపేవాళ్ళు.

బ్యూగిల్‌కు మీటలుండవు. స్వరాలన్నీ పెదవులే పలికించాలి. ఆ పెదవులకు దన్నుగా వెనక ముందుపళ్ళు గోడలా నిలబడాలి. బాకాకు ఆ గోడ కదలడం మొదలైంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. కానీ పోయిన వానాకాలంలో ఒక సభ్యుణ్ణి సాగనంపుతుంటే ఆఖరి స్వరం చీలిపోయి పిల్లి అరుపులా వినిపించింది. అందరూ నేల చూపులు చూశారు. ఆ మరుసటి వారమే సంఘం కార్యదర్శి ఒక స్పీకరు కొనుక్కొచ్చాడు.

కార్యదర్శి చెడ్డవాడేం కాదు. పటాలంలో సార్జంటుగా అందరి బూట్లూ అద్దాల్లా మెరిపించిన మనిషి, ఇప్పుడు సంఘం పరువు కూడా అలాగే మెరవాలనుకునేవాడు.

"నిన్ను చిన్నబుచ్చడానికి కాదు బాకా. నువ్వు సగంలో ఆగిపోతే, పోయినవాడి పిల్లల ముందు మనం ఏ మొహం పెట్టుకుని నిలబడతాం? ఇందులో రికార్డు చేసింది ఉంది. ఒక్క తప్పు ఉండదు."

తప్పు ఉండదన్న మాటకు జవాబేముంటుంది?

గుండీకి మాత్రం జవాబుంది. గుండీ, బాకా ఒకేరోజు పటాలంలో చేరారు. మొదటి కవాతులోనే చొక్కా గుండీ ఊడిపోతే, ఆ చోటు చేత్తో మూసుకుని నడిచి, సార్జంటు చేతిలో ఆ పేరు పెట్టించుకున్నాడు. ఆయుధాలతో పెద్దగా ఒరగబెట్టింది లేదు కానీ, బ్యూగిల్ పిలుపులన్నిటికీ మాటలు కట్టిన ఘనుడు. పొద్దున లేపే పిలుపు వినపడగానే బారకంతా దుప్పట్లలోంచే, "లేవరా లేవరా దున్నపోతా, నీ దుప్పటి ఎవడో లాక్కుపోయె" అని అందుకునేది. అధికారులకు ఆ పాటలు తెలియవు. తెలిస్తే గుండీ పని అయిపోయేదే.

అలాంటి గుండీ ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద ఎముకల గూడులా ఉన్నాడు. చూడ్డానికి వెళ్ళిన బాకాను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒరేయ్, మనవాడు స్పీకరు కొన్నాడటగా?"

"కొన్నాడు."

"నా మీద దాన్ని మోగించనివ్వకు. డబ్బాలోంచి వచ్చే పిలుపుకి నేను లేవను."

"అది లేపే పిలుపు కాదురా వెధవా, పడుకోబెట్టేది."

"అయితే పడుకోను కూడా పడుకోను. తర్వాత మీ ఇష్టం." నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక బాకా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వే ఊదాలి. మాటివ్వు."

బాకా మాటిచ్చాడు. ఇచ్చేటప్పుడు నాలుక కదులుతున్న పళ్ళకు తగిలింది.

ఇంటికొచ్చేసరికి కోడలు గుమ్మంలోనే పట్టుకుంది. కోడలు పళ్ళ డాక్టరు. ఇంటి ముందు గదే ఆమె క్లినిక్కు. మామగారు కొన్నాళ్ళుగా పక్కపళ్ళతోనే నమలడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం ఆమె చూస్తూనే ఉంది.

"కుర్చీలో కూర్చోండి మామయ్యా. నోరు తెరవండి."

"తెరిచే ఉందిగా తల్లీ, మాట్లాడుతున్నాగా."

"ఈ రెండూ ఎప్పటినుంచి ఊగుతున్నాయి?"

"ఊగడమేం లేదు. కాస్త అటూ ఇటూ చూస్తున్నాయంతే."

"ఇంట్లో పళ్ళ డాక్టర్ని పెట్టుకుని దాచారా! నలుగురికీ తెలిస్తే నా దగ్గరికి ఎవరొస్తారు?" ఆమె దీపాన్ని దగ్గరికి లాగింది. చాలాసేపు చూసి గొంతు తగ్గించింది. "ఇవి తీసెయ్యాలి. కట్టుడు పళ్ళు పెడతాను. తినొచ్చు, నవ్వొచ్చు."

"ఊదొచ్చా?"

ఆమె చేతులు కడుక్కుంది. అప్పుడు బాకా గుండీ సంగతంతా చెప్పాడు. పెళ్ళయి వచ్చినప్పటినుంచి మామగారు తనతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు. చివరికి సన్నని తీగ తీసి, ఆ రెండు పళ్ళనూ పక్కవాటికి కలిపి కట్టి, మందుతో అతికించింది.

"ఇది మాట్లాడుకోవడానికి, మెత్తటి తిండికి. బ్యూగిల్‌కి కాదు. విన్నారా?"

"విన్నాను."

"వినడం సరే, ఒప్పుకున్నారా?"

"విన్నానమ్మా."

చలి తగ్గకముందే గుండీ పోయాడు.

శ్మశానం ఆవరణలో మంచు ఇంకా విడలేదు. గుండీ మీద పాత పటాలం జెండా కప్పారు. ఆ జెండాను బీరువాలోంచి అందుకోసమే తీస్తారు. ముసలివాళ్ళంతా ఇస్త్రీ కోట్లు వేసుకుని, వంగిన నడుములను వీలైనంత నిలబెట్టి వరుసలో నిలుచున్నారు. కార్యదర్శి భుజానికి సంచీ ఉంది. అందులో ఏముందో బాకాకు తెలుసు. మామగారి వెనకాల కోడలు కూడా వచ్చింది. ఆమె చూపు అతని నోటి మీదే ఉంది.

బాకా ఒక అడుగు ముందుకేసి బ్యూగిల్ పెదవులకు ఆనించాడు. చల్లటి ఇత్తడి. పిలుపులో మొదటి వరుస తేలిగ్గా, నిండుగా వచ్చింది. అతనికే ఆశ్చర్యమేసింది. రెండో వరుసలో స్వరం పైకెక్కాలి. పెదవులు బిగించాడు. లోపల ఏదో పుటుక్కుమంది. స్వరం ఆగిపోయి ఉత్త గాలి బుస్సుమని బయటికొచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ గాలే. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

అందరూ మళ్ళీ నేల చూపులు చూశారు. కార్యదర్శి చెయ్యి నెమ్మదిగా సంచీలోకి వెళ్ళింది.

బాకా తల అడ్డంగా ఊపాడు. బ్యూగిల్ కిందికి దించాడు. ఏం చెయ్యాలో అతనికీ తెలియదు. ఎదురుగా జెండా కింద గుండీ పడుకోకుండా కాచుకుని ఉన్నాడనిపించింది. ఎక్కడైతే స్వరం తెగిందో అక్కడినుంచి, పళ్ళ సందుల్లోంచి ఈలలు పోతుండగా, బారకు మాటలతోనే అందుకున్నాడు.

"సార్జంటూ మనిషేలే, వాడికీ నిద్ర వస్తుందిలే..."

అంత్యక్రియల్లో ఇదేం పాటని గుండీ బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో వరుస చివరనుంచి ఒక బొంగురు గొంతు కలిసింది. పక్కన ఇంకొకటి. అప్పుడెప్పుడో దుప్పట్ల కింద పాడుకున్న పాట, ఎవరూ మరిచిపోలేదు. కార్యదర్శి సంచీలోంచి చెయ్యి తీశాడు, వట్టి చెయ్యి. నిటారుగా నిలబడి, తన మీద కట్టారని తెలిసీ ఇన్నేళ్ళూ తెలియనట్టున్న పాటను తనూ పాడాడు.

"మిగతా గొడవ పొద్దున చూద్దాం, పడుకోరా తమ్ముడూ."

చివరి మాటను వాళ్ళు బ్యూగిల్ ఆఖరి స్వరంలాగే సాగదీసి, ఊపిరి ఉన్నంతవరకు పట్టుకుని వదిలారు.

తర్వాత గుండీ భార్య బాకా దగ్గరికొచ్చింది.

"ఆ మాటలు ఎవరివి?"

"వాడివే వదినా."

"ఆయనవా! ఇంట్లో కూనిరాగం తీసిన పాపాన పోలేదే!" అంది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, "ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

మర్నాడు కోడలు తెగిన తీగ విప్పి, రెండు పళ్ళూ తీసేసింది. దూది పెట్టాక, "మిగతా పాటలు నాకూ చెప్పాలి" అంది.

"కొన్ని కోడళ్ళు వినేవి కావు" అన్నాడు బాకా, దూది పక్కనుంచి.

ఆదివారం బాకా బ్యూగిల్‌ను తుడిచి, తనే బీరువాలో కెటిల్ పక్కన పెట్టాడు. తాళం మాత్రం వెయ్యొద్దన్నాడు. గదిలో అందరూ కూర్చున్నారు కానీ సమావేశం మొదలుకాలేదు. ఎలా మొదలుపెట్టాలో ఎవరికీ తోచలేదు. కార్యదర్శి గొంతు సవరించుకుని, కళ్ళజోడు సర్దుకుని, భోజనాల పిలుపు అందుకున్నాడు.

"పళ్ళెం తేరా, పరుగున రారా, ఆలస్యమైతే అడుగంటిందే నీకు..."

"అడుగంటిందే కాదు సార్, మాడిందే" అన్నారెవరో.

"మాడిందే ఎలా అవుతుందయ్యా? తాళం తప్పదూ!"

"తప్పితే తప్పింది, ఉన్నది అదే!"

"గుండీ ఉంటే తేలిపోయేది" అన్నాడు ఇంకొకతను.

బాకా లేచి నిలబడ్డాడు. వాడు మాటలు కట్టినప్పుడల్లా మొదట వినిపించింది తనకే. మూతి మీది చెయ్యి తీసేసి, పళ్ళులేని నోరు పెద్దగా తెరిచి, మొదటినుంచి పాడటం మొదలుపెట్టాడు.