దుకాణం ఎదురుగా ఏముంది?

ఎబినేజర్ గారికి ఒకే ఒక్క పిచ్చి. ఏ దుకాణాన్నయినా నమ్మాలంటే దాని ఎదురుగా ఏముందో ఆయనకు తెలిసి తీరాలి. ముప్పయ్యేళ్లు పర్ణశాల వైపు ఊళ్లకు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్ ఆయన. ఎదురుగా ఏమీ లేని చిరునామా ఈ భూమ్మీద ఉండదని గట్టి నమ్మకం.

ఈ నమ్మకం వల్ల భద్రాచలంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ప్రమీలకు సగం గిరాకీ పోయేది. అది 2008. జనం అప్పుడప్పుడే కంప్యూటర్లో వస్తువులు కొనడం నేర్చుకుంటున్నారు. ఎవరు కొనబోయినా వెనక కుర్చీలో ఈయన ప్రత్యక్షం.

"ఆగు బిడ్డా. అడ్రసు చూపియ్."

"ఈమెయిల్ ఉంది సారూ."

"దాని ఎదురుగ ఏముంది?"

అడ్రసు దొరికితే వెంటనే పోస్టుకార్డు రాసేవారు. జవాబు వచ్చేదాకా ఎవరూ పైసా కట్టకూడదు. బెంగళూరు కంపెనీ ఒకటి పాపం, తమ ఎదురుగా ఇడ్లీ హోటలుందని రాసింది. ఈయన మురిసిపోయి టార్చిలైటు కొన్నారు. ఆ ఇడ్లీ ఎట్లుంటుందని ఇంకో కార్డు రాశారు. దానికి జవాబు రాకపోయేసరికి ఆ కంపెనీ మీదా అనుమానం మొదలైంది.

ఒకరోజు, ఎబినేజర్ గారు ఒకప్పుడు ఉత్తరాలు పంచిన ఊరి రైతు బొజ్జయ్య వచ్చాడు. వాగు పక్కనే ఉన్నా నీళ్లెక్కక అతని మిర్చిచేను ఎండిపోతోంది. సగం ధరకే నీళ్లు తోడే ఆయిల్ ఇంజను, ఈ సాయంత్రం వరకే అని ఒక సైట్లో ఉంది. డబ్బు మాత్రం ఎవరో ఒక మనిషి ఖాతాలో వేయాలట. బీడీలకు తునికాకు కోసి కూడబెట్టిందంతా బొజ్జయ్య మూటగట్టి తెచ్చాడు. అది పోతే చేనూ పోయినట్టే.

ఎబినేజర్ గారు సైట్లోని సెల్ నంబరుకు ఫోన్ చేసి, తన పోస్టాఫీసు హిందీలో అడగవలసింది అడిగారు.

"ఆఫర్ సాయంత్రం దాకానే" అన్నాడు అవతలివాడు.

"అది కాదు. ఎదురుగా ఏముంది?"

"రోడ్డు."

"రోడ్డవతల?"

ఫోన్ కట్టయింది.

"చూసినవా బొజ్జయ్యా, రోడ్డవతల ఏముందో తెల్వదు వానికి."

బొజ్జయ్య చలించలేదు. "కంపెనీలోళ్లు మంచోళ్లు సారూ. మర్చినవా? అప్పట్ల నేను పోస్టుల రేడియో తెప్పిస్తే డబ్బాల ఇటుక వచ్చింది. నువ్వే గదా పైసలు తీస్కొని ఇచ్చినవ్. నెల తిరగకముందే కంపెనోళ్లు తప్పు తెల్సుకొని రేడియో పంపిన్రు. అది గూడ నువ్వే తెచ్చినవ్. ఇయ్యాల్టికీ పాడుతాంది."

బొజ్జయ్య మూట విప్పి, బ్యాంకు కాగితం నింపమని ప్రమీలకు చెప్పాడు.

"ఆ రేడియో కంపెనీ పంపలే బొజ్జయ్యా" అన్నారు చివరికి ఎబినేజర్ గారు. "నేనే ఖమ్మంల కొన్న. ఆ ఇటుక నా చేతులతోని ఇచ్చిన గదా, మనసున పట్టలే. నేనిస్తే తీస్కోవని కంపెనీ పేరు చెప్పిన."

ప్రమీల చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఈయనది చాదస్తం అనుకుని నవ్వినందుకు ఆమెకు సిగ్గేసింది.

బొజ్జయ్య మూట మళ్లీ కట్టి ఎబినేజర్ గారి చేతిలో పెట్టాడు.

"అట్లయితే ఆ మంచి కంపెనీ నువ్వేనన్నట్టు. ఇంజను గూడ నువ్వే తీస్కరా సారూ, ఈ పైసలకు పాతదొచ్చినా సరే. ఈసారి పైసలు మాత్రం నువ్వే ఉంచుకోవాలె, అప్పటి లెక్క ఎవ్వనికీ పంపకు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఖమ్మం బస్సెక్కారు. టికెట్టు నేను కొంటానంటే నేను కొంటానని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పోట్లాడుతుంటే, కండక్టరు విసుక్కుని వెనక సీటుకు వెళ్లిపోయాడు.