సరిచూసినవారి గడి

కురయోషి పట్నం చుట్టుపక్కల ఏ ఊరి భూమి పటం తీసినా మసుయో చేతి అంకెలను ఇట్టే పట్టేయవచ్చు. ఎనిమిదిలో పైసున్న కిందిసున్న కంటే వెంట్రుకవాసి చిన్నగా ఉంటుంది. ఏడు నిటారుగా, ఎవరికీ బాకీ లేనట్టు నిలబడుతుంది. తప్పంటూ జరిగినా బ్లేడుతో గీకి, గోటితో రుద్ది మళ్ళీ రాసిన చోటు వెలుతురుకి ఎత్తి చూస్తే తప్ప తెలియదు. ఇన్ని ఉన్నా ఆవిడ పేరు మాత్రం ఏ పటం మీదా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతి పటం కిందా ఉన్నది తొకునాగ పేరు, సంతకానికి బదులు తొకునాగ ముద్ర. ఊరంతా సెన్సే, అంటే గురువుగారు, అని పిలిచే ఆ తొకునాగకి భూమి కొలిచే లైసెన్సు ఉంది కాబట్టి పటమూ ఆయనదే. దీనికి మసుయో ఏనాడూ బాధపడలేదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇరవై మూడేళ్ళ వయసులో ఆ ఆఫీసులో చేరింది. అప్పుడు అక్కడున్న ముసలి డ్రాఫ్ట్స్‌మన్ మొదటి ఏడాదంతా కాకిముక్కు కలంతో గీతలే గీయించాడు. రెండో ఏడాది పాత న్యూస్‌పేపర్ల మీద అంకెలు రాయించాడు. ఊరి పేరు నిటారుగా, అన్నివైపులా ఒకే మందంతో ఉండాలి. వాగు పేరు ఎడమకి వాలాలి. మడి నంబరు ఆ మడి కడుపులో, ఎక్కడ వెడల్పు ఎక్కువుంటే అక్కడ కూర్చోవాలి, గట్టుకి తగలకూడదు. చోటు చాలకపోతే బయట రాసి, సన్నటి గీతతో లోపలికి చూపించాలి. ఇవన్నీ మసుయో చేతికి అబ్బాయి. అక్షరాలు రాసే రోజున ఆవిడ నీళ్ళ బకెట్ కూడా ఎత్తేది కాదు, చెయ్యి వణుకుతుందని. ఆ రోజు బట్టలు మొగుడే ఆరేసేవాడు. వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, ఆవిడ లెక్కచెయ్యలేదు.

అలాంటి ఆఫీసులోకి ఒక వసంతంలో ప్లాటర్ వచ్చింది. మంచమంత యంత్రం. తన కలం తనే తీసుకుని అటూ ఇటూ పరుగెత్తి, మసుయోకి మూడు వారాలు పట్టే పటాన్ని నలభై నిమిషాల్లో గీసి పడేసేది. అయితే యంత్రాన్ని చూసి ఎంతకాలమని కుళ్ళుకుంటాం? కుళ్ళుకోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి కూడా ప్లాటర్ వెనకాలే వచ్చింది. పేరు మిహారు, వయసు పాతికేళ్ళు.

మిహారు చెడ్డపిల్ల అయినా బాగుండేది. పొద్దున్నే వచ్చి అందరి కప్పులూ కడిగిపెట్టేది. వాళ్ళమ్మ చేసిన రక్యో ఉల్లి ఊరగాయ సీసాలో పోసి తెచ్చి ముందు మసుయోకే ఇచ్చేది. మసుయో రాసిన పాత పటాల ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఇది చేత్తో రాసినదంటే నమ్మబుద్ధి కావట్లేదు మసుయో సాన్" అని, గారు అన్నంత మర్యాదగా, అనేది. ఆ మెచ్చుకోలు మసుయోకి పుండు మీద కారంలా ఉండేది. ఊరగాయ మాత్రం బాగుండేది, అది ఇంకో బాధ.

మిహారు వచ్చిన రెండో ఏట కమినొ అనే కొండ ఊరి భూములన్నీ మళ్ళీ కొలిచే పని వచ్చింది. పటానికి కొత్త నమూనా కూడా వచ్చింది. సెన్సే దాన్ని బల్ల మీద పరిచి, కింద మూలనున్న గడులు చూపించాడు.

"ఇకనుంచి గీసినవారెవరో, సరిచూసినవారెవరో కూడా ముద్ర వెయ్యాలట. గీసింది మిహారు. సరిచూడ్డం నువ్వు చెయ్యి, మసుయో సాన్. నీ కన్నుని మించిన కన్ను మనకెక్కడుంది?"

"గీసింది ప్లాటర్ కదండీ, సెన్సే?" అంది మసుయో.

"దానికి ముద్ర లేదుగా మరి."

సెన్సే నవ్వాడు. మిహారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మసుయో కూడా నవ్వింది కానీ లోపల కుతకుత ఉడికిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఊపిరి బిగబట్టి గీసినందుకు దొరకని గడి, మీటలు నొక్కే పిల్లకి రెండేళ్ళకే దొరికింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

సరిచూసే పని మసుయో తన పద్ధతిలోనే చేసింది. ప్రతి మడి మీదా వేలు పెట్టడం, నంబరు పైకి చదవడం, జాబితాతో పోల్చడం, ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టడం. ఒక్కో షీటుకి మూడు వందల మడులు. ఏడో షీటులో వేలు ఆగిపోయింది.

అక్కడ కొడవలిలా వంగిన మడి ఒకటి ఉంది. నంబరు నాలుగు వందల పన్నెండు. దాని వంపులో పక్కవాళ్ళ మడి, నాలుగు వందల పదకొండు, ఒదిగి కూర్చుంది. కంప్యూటర్ ప్రతి మడికీ నట్టనడుమ ఎక్కడో లెక్కగట్టి నంబరు అక్కడే పెడుతుంది. కొడవలికి నట్టనడుమ అంటే కొడవలి బయటే. అందుకని నాలుగు వందల పన్నెండు పోయి పక్క మడిలో పడింది. ఆ మడిలో రెండు నంబర్లున్నాయి, కొడవలి మడిలో ఒక్కటీ లేదు. కలం పట్టిన మనిషెవరూ చెయ్యని తప్పది.

మసుయోకి సంతోషం వేసింది. దాచడం దేనికి, పండగలా అనిపించింది. తలెత్తి చూస్తే మిహారు అన్నం ముద్ద కొరుకుతూ తెరవైపు చూస్తోంది, పెదవికి మెతుకు అంటుకుని ఉంది. ఆ నంబరు చుట్టూ ఎర్ర సున్న చుట్టడానికి రెండు క్షణాలు చాలు. మసుయో సున్న చుట్టలేదు. టిక్కు పెట్టింది. తర్వాత సరిచూసినవారి గడిలో తన ముద్ర గట్టిగా నొక్కింది.

ఆవిడ లెక్క ఒకటే. చివర్లో ప్రతి షీటూ సెన్సే చూస్తాడు. చూసి, "ఏం పిల్లా, నంబరు పక్కింటికి పోయిందే" అని మిహారుని నాలుగు మాటలంటాడు. ఎంతైనా చేతిపని చేతిపనే అంటాడు. ఆ మాట వినాలని మసుయోకి ప్రాణం లాగేసింది. కానీ సెన్సే షీట్ల కట్ట అందుకుని అంచులు సర్ది, "మసుయో చూశాక ఇక నేను చూసేదేముంది" అని అలాగే గొట్టంలో పెట్టేశాడు. అప్పుడైనా నోరు విప్పవచ్చు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పటాలు కమినొ చేరిపోయాయి.

ఊరి కమ్యూనిటీ హాల్లో పటాలు ఇరవై రోజులు పరిచి ఉంచుతారు. ఎవరి మడి వాళ్ళు వచ్చి చూసుకుని, సరిగ్గా ఉంటే పుస్తకంలో ముద్ర వేసి పోవాలి. బల్ల వెనకాల మసుయో, మిహారు కూర్చున్నారు. మూడో రోజు కికుజో వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని పటం మీద ముక్కు ఆనేంతగా వంగాడు.

"నా మడికి నంబరేదమ్మాయ్?"

మిహారు వంగి చూసింది. ఆ పిల్ల ముఖంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది. ఈలోగా పొరుగు మడి హత్సునో వచ్చి ఆయన భుజం మీదుగా చూసింది. భర్త పోయిన మనిషి, అరవై దాటింది.

"అదిగో, నా దాంట్లో ఉంది. రెండు నంబర్లూ నా గట్టు లోపలే ఉన్నాయి. ఆ వంపు ఒకప్పుడు మాదేనని మా ఆయన చచ్చేదాకా మొత్తుకున్నాడు."

"నలభై ఏళ్ళుగా నాట్లేస్తున్నది నేను," అన్నాడు కికుజో. "మీ ఆయన మంచాన పడ్డప్పుడు నీ గట్టు మీద గడ్డి కోసింది కూడా నేనే."

"అప్పుడేగా నువ్వు గట్టు జరిపింది."

హాల్లో ఉన్నవాళ్ళు టీ కప్పులు కింద పెట్టారు. మిహారు గబగబా లేచి, వంకర మడి అయితే కంప్యూటర్ ఎక్కడ నంబరు పెడుతుందో చెప్పబోయింది. హత్సునో చెప్పనివ్వలేదు.

"కంప్యూటర్‌కి ఆయన చుట్టమూ కాదు, నేను పగదాన్నీ కాను. అది ఎవరి పక్షాన అబద్ధమాడుతుంది? మీ మనుషులు దిద్దితేనే నాకు అనుమానం. ఈ ముసలాయన ఎవరి చేతిలో ఏం పెట్టాడోనని."

మిహారు నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. "తప్పు నాదండీ. మసుయో సాన్ సరిచూశాక నేను మళ్ళీ మార్చాను. అప్పుడు జరిగింది."

అది పచ్చి అబద్ధం. మసుయో నోరు కుట్టేసుకుని కూర్చుంది.

హత్సునో ముద్ర వెయ్యకుండానే వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి ఆ రెండు మడుల మధ్య మేకులు దిగాయి, వాటికి తాడు కట్టారు. ఒంటరి మనిషని హత్సునో ఇంటి నుంచి కికుజోకి వారానికోసారి వెళ్ళే చామదుంపల కూర ఆగిపోయింది. ఊళ్ళో సగం మంది అటు, సగం మంది ఇటు చేరారు. నంబరు సరైన చోట పెట్టి షీటు మళ్ళీ గీసి తెచ్చినా హత్సునో దాని వంక చూడలేదు. యంత్రం చెప్పింది ఒకటి, మనుషులు లంచం తిని దిద్దింది ఇంకొకటి అని అందరికీ చెప్పుకొచ్చింది.

పదో రోజు సాయంత్రం ఇద్దరూ ఆఫీసు వ్యాన్‌లో కమినొ నుంచి తిరిగి వస్తున్నారు. నడిపేది మిహారు. వంతెన దాటాక మెల్లగా అంది.

"మసుయో సాన్, ఏమీ అనుకోకండి. మా అమ్మకి కూడా మీ వయసులోనే కంట్లో శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చాలా తేలికండీ. కావాలంటే ఆసుపత్రికి నేను తీసుకెళ్తాను. సెన్సేకి చెప్పలేదు, చెప్పను కూడా."

మసుయోకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తలకొట్టేసినట్టయింది. హాల్లో అందరి ముందూ ఈ పిల్ల అబద్ధమాడింది జాలిపడి. ముసలిదైపోయింది, చూపు ఆనలేదు, పాపం అని. దుర్మార్గురాలు అనిపించుకుంటే భరించగలదు కానీ, మసుయో కంటికి మడి నంబరు కనిపించలేదంటే ఎలా భరిస్తుంది? పశ్చాత్తాపం వల్ల నిజం చెప్పిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పౌరుషం కొద్దీ చెప్పింది.

"నా కళ్ళకే రోగమూ లేదు. చూశాను. చూసే టిక్కు పెట్టాను."

మిహారు వ్యాన్ పక్కకి తీసి ఆపింది. "ఎందుకండీ?"

"ఆ గడిలో నీ పేరుంది కాబట్టి."

ఏడుస్తుందేమో అనుకుంది మసుయో. ఏడవలేదు.

"నాకు చెప్పి ఏం లాభం? పోయి ఆవిడకి చెప్పండి," అని బండి వెనక్కి తిప్పింది. అండీ అన్న మర్యాద పోలేదు కానీ గొంతులో ఇంతకుముందున్న మెత్తదనం పోయింది.

హత్సునో వాకిట్లో కూర్చుని పెర్సిమన్ కాయలు తొక్కతీసి ఎండకట్టడానికి తాడుకి గుచ్చుతోంది. మసుయో చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడింది. మిహారు వ్యాన్ దగ్గరే ఉండిపోయింది.

"అమ్మా, ఆ తప్పు పటం మీ ఊరు రాకముందే నాకు తెలుసు. నంబరు మీ మడిలో పడటం నేను చూశాను. చూసి కూడా బాగుందని ముద్ర వేశాను. కికుజోగారు ఎవరికీ ఏమీ పెట్టలేదు. ఆ పిల్లకి చెడ్డపేరు రావాలని నేనే ఊరుకున్నాను."

హత్సునో కత్తి కింద పెట్టింది. మసుయోని చూసింది, ఆమె వెనక వ్యాన్ దగ్గర నిలబడ్డ మిహారుని చూసింది.

"ఆ పిల్ల మీద నీకంత కడుపుమంటా? మంచిదానిలాగే ఉందే."

"మంచిది కాబట్టేనండీ."

హత్సునో ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది కానీ తొక్కతీయలేదు. "ఆయన మడి ఏటా నా మడి కంటే రెండు మూటలు ఎక్కువ పండుతుంది. అదే నీరు, అదే ఎండ. మా ఆయన చచ్చేదాకా కుళ్ళుకున్నాడు, తర్వాత నేనూ కుళ్ళుకున్నాను. ఆ వంపు మాది కాదని నాకు తెలీదనుకున్నావా? నంబరు నా దాంట్లో కనబడ్డ రోజు నాకెంత హాయిగా ఉందో నీకు చెప్పక్కర్లేదులే."

"చెప్పక్కర్లేదండీ," అంది మసుయో.

మర్నాడు హత్సునో వచ్చి పుస్తకంలో ముద్ర వేసింది. మేకులు పీకించింది. అయితే గట్టు జరిపావన్న మాట కికుజో చెవిలో పడిపోయింది, దాన్ని బ్లేడుతో గీకడం ఎవరివల్లా కాదు. ఆ శీతాకాలమంతా చామదుంపల కూర ఆయన ఇంటికి వెళ్ళలేదు.

సెన్సేకి కూడా మసుయోనే చెప్పింది. ఆయన వింటూ విస్తుపోయాడు. "ఊఁ" అన్నాడు. ఇకనుంచి సరిచూడ్డం తనే చేస్తానన్నాడు, పనిలోంచి మాత్రం తియ్యనన్నాడు. పాత పటాలకి చేతి మరమ్మతులు ఎప్పుడూ ఉంటాయి కదా అన్నాడు.

తర్వాతి నెల పక్క ఊరి షీట్లు వచ్చాయి. మిహారు వాటిని ప్లాటర్ మీంచి తీసి, చుట్ట చుట్టి, మసుయో బల్ల పక్కనుంచి నడిచి వెళ్ళి సెన్సే ముందు పెట్టింది. పోతూ మసుయోకి నమస్కారం చేసింది, ఎప్పటిలాగే. ఊరగాయ సీసా మాత్రం ఆ నెల నుంచి అందరికీ మధ్యలో పెడుతోంది.

సెన్సే కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి షీటు పరిచాడు. ఒక్కో మడి మీదా వేలు పెట్టి, నంబరు నోట్లో గొణుక్కుంటూ, నత్తలా పోతున్నాడు. వరస తప్పి మళ్ళీ మొదటికి వస్తున్నాడు. మసుయో తన బల్ల దగ్గర్నుంచి చూస్తోంది. కడుపులో ఆ పాత మంట మళ్ళీ లేచింది. ఈసారి అది మిహారు మీద కాదు, ఆ షీటు మీద వేలు పెట్టగలుగుతున్న ఆ ముసలాయన మీద.