సముద్రం ఒడ్డున గ్రీకు గుడి, మూడూ నలభై బస్సు

మూడూ నలభైకి నేను మా గేటు దగ్గర ఉండాలి. ఈ ప్రయాణం గురించి ఏం చెప్పాలన్నా ముందు ఆ మాటే చెప్పాలి.

మా మనవరాలు జెస్సీ కిండర్‌గార్టెన్ చదువుతోంది. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ల ముందు పసుపు బస్సు ఆగేసరికి ఇంటి మనిషి కనిపించకపోతే డ్రైవరు పిల్లను దింపడు. మళ్లీ బడికి తీసుకెళ్లి తల్లికి ఫోన్ చేయిస్తాడు. చలికాలంలో ఒకసారి అలాగే జరిగింది. పొయ్యి మీది పులుసు చూసుకుంటూ నేను ఆలస్యంగా దిగాను. మా అమ్మాయి కరుణ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ మధ్యలో వదిలి పరుగెత్తుకొచ్చింది.

"మమ్మీ, ఇంకోసారి ఇలా అయితే పాపని బడి అయ్యాక అక్కడే ఆఫ్టర్‌కేర్‌లో పెట్టేస్తాను. నిన్నేమీ అనను," అంది.

ఏమీ అననన్నదే నాకు గుచ్చుకుంది. జెస్సీ నా చేతిలో లేకపోతే ఈ దేశంలో పగలంతా నాకు ఏం పని?

అయినా ఆ గుడి చూడ్డానికి వెళ్లాను. మా తెలుగు సంఘం వాళ్లు పిక్నిక్ నుంచి తెచ్చిన ఫోటో ఒకటి చూశాను. వెనకటికి ఒక ధనవంతుడు కూలిపోయిన గ్రీకు గుడి రాళ్లను ఓడలో తెప్పించి, సముద్రం ఒడ్డున తన తోటలో నిలబెట్టించాడట. బంగళా పోయింది, తోట ఇప్పుడు పార్కు. ఫోటోలో కింద పడి ఉన్న రాయి మీద తెల్లరంగుతో ఒక అంకె ఉంది. 7.

వయసులో ఉండగా భీమిలి వైపు ఒక కొండ మీద పాత బౌద్ధ కట్టడాలు తవ్వుతుంటే నేను తట్ట మోశాను. కిందంతా సముద్రమే. బయటపడిన ప్రతి రాయికీ తవ్వించే సార్లు అంకె వేసేవారు. అప్పటికి నాకు చదువు లేదు. చీటీ మీది గుర్తూ రాయి మీది గుర్తూ ఒకటేనా అని చూసుకుని మోసేదాన్ని. కొడవలి అయితే ఇటు, కుండ మీద కుండ అయితే అటు. చదవడం యాభై దాటాక వచ్చింది. అలాంటి రాళ్లను ఇప్పుడు చదువుతూ చూడాలనిపించింది. కరుణ "సమ్మర్‌లో వెళ్దాంలే" అంటూ రెండు సమ్మర్లు దాటించింది.

మే నెలలో ఒక మంగళవారం ఎనిమిదీ ఇరవైకి జెస్సీని బస్సెక్కించి, స్టేషన్‌కి నడిచాను. ఇరవై ఐదు నిమిషాల నడక. ఫోన్ ఇంట్లోనే వదిలాను. నేనెక్కడ ఉన్నదీ కరుణకి తన ఫోన్‌లో కనబడుతుంది మరి. సంచిలో తాళంచెవి, బస్సుకి చిల్లర, రానూపోనూ రైలు టికెట్, స్టీలు డబ్బాలో పులిహోర. అరవై రెండు దాటినవాళ్లకి టికెట్ దాదాపు సగమే.

ఎనిమిదీ యాభై రెండు బండి. రావే స్టేషన్‌లో దిగి సముద్రం వైపు వెళ్లే బండి ఎక్కాలి. బోర్డు మీద నేను దిగాల్సిన ఊరి పేరు అక్షరం అక్షరం రెండుసార్లు చదివినా నమ్మకం కుదరక, గేలాలు పట్టుకుని నిలబడ్డ ముసలాయన్ని అడిగాను.

"ఇదే బండి. నేను చేపల కోసం, మీరు?"

"రాళ్ల కోసం," అన్నాను. ఆయన నవ్వి, "మీవి పారిపోవు. అదృష్టం," అన్నాడు.

పదింబావుకి దిగాను. అక్కడి నుంచి గంటకొక బస్సు. పదకొండుకి పార్కులో ఉన్నాను. ప్రవేశం ఉచితం. తిరుగు బస్సు పన్నెండూ నలభైకి, బండి ఒకటీ ఐదుకి. అది ఎక్కితే మూడు కాకముందే ఇంట్లో ఉంటాను. ఇదంతా చీటీ మీద రాసుకున్నాను.

గడ్డి వాలు దిగితే గుడి కనబడుతుంది. ఆరు స్తంభాల్లో మూడే నిలబడి ఉన్నాయి. తక్కినవి తిరగలి రాళ్లలా దొర్లి పడున్నాయి. పైకప్పు లేదు. స్తంభాల మధ్య నుంచి నీళ్లు మెరుస్తున్నాయి. పాలరాయి ఉప్పుగాలికి గరుకెక్కింది. మెట్లెక్కవచ్చని బోర్డు ఉంది.

కొండ మీద తవ్వకాల్లోకి దిగేముందు చెప్పులూ అన్నం క్యారేజీలూ హద్దుగా కట్టిన తాడుకి బయట పెట్టి వెళ్లేవాళ్లం. నేనూ ఆలోచించకుండా బూట్లు విప్పి, సంచి వాటి పక్కన పెట్టి, సాక్సులు పై మెట్టు మీద ఆరేసి లోపలికి వెళ్లాను.

ఏడు దొరికింది. తొమ్మిది, పదకొండు దొరికాయి. ఎనిమిది లేదు. రాయి రాయీ తిరిగి వెతికాను. చివరికి వెనక వైపు, గడ్డిలో పక్కకి ఒరిగిన రాయి అడుగున, మోకాళ్ల మీద వంగితే కనబడింది. కుండ మీద కుండ. వేలితో తుడిచి "ఎనిమిది" అని పైకే చదివాను.

తిరిగొచ్చేసరికి సంచి లేదు. బూట్లు లేవు. మెట్ల ముందు పసుపు టేపు కట్టారు. పొడుగాటి గార్డు ఒకావిడ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలల వైపు చూస్తోంది. ఇంకొకతను నీళ్ల అంచున పరుగెడుతున్నాడు. ఎవరో బూట్లు విడిచి సముద్రంలోకి నడిచి వెళ్లిపోయారని వాళ్ల భయం.

"నావి! నావే!" అని అరిచాను.

ఆవిడ నన్నూ నా వట్టి కాళ్లనూ చూసి ఛాతీ మీద చెయ్యేసుకుంది. "లేడీ, నా గుండె ఆగిపోయేది!" అంది. తర్వాత గొంతు మార్చి ఆఫీసులోకి తీసుకెళ్లింది. ఐడీ అడిగింది. ఇంట్లో ఉంది. ఫోన్ అడిగింది. అదీ ఇంట్లోనే. మరి సంచి మీదేనని ఎలా ఇవ్వను, అంది. గోడ గడియారం పన్నెండూ ముప్పై ఐదు.

"డబ్బా మీద నా పేరుంది," అన్నాను.

మూత తిప్పి చూసింది. కొన్న రోజు కొట్లో చెక్కించిన పేరు. "ఇది ఏ భాష?" అంటూ కాగితం, పెన్ను నా ముందుకు తోసింది. "రాయండి."

"కె. సువార్తమ్మ" అని తెలుగులోనే రాశాను. ఆవిడ కాగితాన్ని మూత పక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలుంచి, ఇటు చూసి అటు చూసింది. చదవడం రాని మనిషి ఎలా చూస్తుందో నాకు తెలుసు. ఒత్తు దగ్గర వేలు ఆపి మళ్లీ చూసింది.

"సేమ్," అని సంచీ బూట్లూ ఇచ్చేసింది.

పన్నెండూ నలభై బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో వెళ్లి రెండూ ఐదు బండి ఎక్కాను. పులిహోర డబ్బా తెరవనేలేదు. మధ్యలో పడవ కోసం వంతెన తెరిచారని బండి పది నిమిషాలు ఆగింది. తెల్ల తెరచాప తాపీగా వెళ్తుంటే, అంత అందమైనదాన్ని అంతగా తిట్టుకోవడం అదే మొదటిసారి.

రావేలో మూడూ పద్నాలుగు బండి దొరికింది. పక్క సీట్లో ల్యాప్‌టాప్ పట్టుకున్న తెలంగాణ పిల్ల, పేరు అపర్ణ.

"ఏమైంది ఆంటీ? ఇప్పటికి నాలుగుసార్లు టైమ్ అడిగిండ్రు."

అంతా చెప్పాను.

"మీ బిడ్డ చూస్తదని ఫోన్ ఇంట్ల పెట్టి వచ్చిండ్రా? మా అమ్మ చాలా నయం!" అని తన ఫోన్ చాపింది. "కాల్ చేయుండ్రి, చెప్పేయుండ్రి."

కరుణ నంబరు నాకు నోటికి వచ్చు. చెయ్యే చాపలేకపోయాను.

"సరే తియ్యుండ్రి. నా కార్ స్టేషన్‌లనే ఉంది, దింపేస్త."

మూడూ ఇరవై ఎనిమిదికి దిగాం. రెండు సిగ్నళ్ల దగ్గరా ఎర్రదీపమే. గేటు దగ్గర కారు దిగేసరికి పసుపు బస్సు మలుపు తిరుగుతోంది. డ్రైవరు నన్ను చూసి తలుపు తీశాడు. జెస్సీ దిగుతూనే నా కాళ్ల వైపు చూసింది.

"అమ్మమ్మా, నీ సాక్స్ ఏవి?"

గుడి మెట్ల మీదే ఉండిపోయాయి. ఈ పిల్ల వాళ్లమ్మతో చెప్పక మానదు. ఆరింటికి కరుణ రాగానే నేనే ముందుగా చెప్పేశాను. ఎనిమిదో రాయి వెతుకుతుంటే సంచి తీసుకెళ్లారనీ, బస్సు తప్పిందనీ చెప్పాను. కరుణ అంతా విని, బల్ల మీద ఉన్న నా ఫోన్ తీసి సంచిలో వేసింది.

"ఇది ఇంట్లో వదిలెయ్యడానికి కొన్నది కాదు మమ్మీ," అంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఎనిమిది దొరికిందా?"

"దొరికింది," అన్నాను.

ఆఫ్టర్‌కేర్ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు మూడుంబావుకే గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆ గుడి చూడాలనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లండి. బూట్లు మాత్రం విప్పకండి.